వ్రాతపరీక్షలు - దస్తూరి: స్పష్టతాభారమును గూర్చిన చారిత్రక పరిశీలనము

విద్యార్థి వ్రాసిన సమాధానమునకు విలువ కట్టవలెనన్నచో మొదట దానిని చదువగలుగవలెను. ఇది చెప్పనక్కఱలేని మాటవలె తోచును. కాని ఈ చిన్నమాటలో ఒక పెద్దప్రశ్న యిమిడి యున్నది. చదువునట్లు చేయుట యెవరి బాధ్యత? వ్రాసినవానిదా? చదువువానిదా? పరీక్షను నడపు సంస్థదా? నేటి మన విద్యాలయములలో ఈ ప్రశ్న వేయువారు అరుదు. దస్తూరి బాగుగా లేనిచో ఆ దోషము విద్యార్థిదే యనియు, దాని ఫలమును ఆతడే యనుభవింపవలె ననియు అందఱును అంగీకరించినట్లే కనబడుచున్నది. ఈ యంగీకారము అనాదిసిద్ధమైనది కాదనియు, వేఱువేఱు దేశకాలములందు ఈ స్పష్టతాభారమును వేఱువేఱు వారు మోసిరనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయమును మేము చేపట్టుటకు స్వానుభవ మొకటి కారణము. ఒకమాఱు పట్టపరీక్షల తెలుగు సమాధానపత్రములను దిద్దుచుండగా ఒక విద్యార్థి దస్తూరి మాకు మిక్కిలి క్లేశము కలిగించినది. ఆతడు వ్రాసిన 'కవిత్రయము' మా కన్నులకు 'కపిత్రయము'గా కనబడినది. 'మనము' అన్నచోట 'వనము' అని చదివితిమి. కొంత నవ్వుకొని, కొంత విసిగి, నాలుగు పుటలు త్రిప్పి, తక్కువ మార్కులు వేసి ప్రక్కన పెట్టితిమి. భోజనవిరామము తరువాత మా ప్రక్కన కూర్చుండిన మిత్రుడు ఆ పత్రమును చేతికి తీసికొని తడబడకుండ పైకి చదువ నారంభించెను. ఆయన కరణీకపు కుటుంబమున పుట్టి, తాతగారి కవిలెలు చదువుచు పెరిగినవాడు. వినుచుండగా అది ఆనాటి కట్టలోని ఉత్తమములైన సమాధానములలో నొకటి యని మాకు తెలిసినది. మార్కులను దిద్దితిమి. కాని ప్రక్కన చదివి వినిపించువాడు లేని దినములలో మా చేతిమీదుగా పోయిన యిట్టి పత్రము లెన్నియో యను తలపు మమ్ము నేటికిని విడువలేదు.

వ్రాతపరీక్షకు పుట్టినిల్లు చీనాదేశము గావున ముందుగా అచటి పద్ధతిని పరిశీలింతుము. పిదప వ్రాతపరీక్ష లెఱుగని తెలుగునాట వ్రాతకును చదువునకును గల సంబంధమును చూచి, ఆపైన కేంబ్రిడ్జినుండి మదరాసునకు వచ్చిన నూతనపద్ధతిని, దానిపై గడచిన నూఱు సంవత్సరములకు పైగా జరిగిన పరిశోధనలను విచారింతుము.

1. చీనాదేశపు పద్ధతి: సంస్థ మోసిన భారము

పరీక్షమూలమున రాజోద్యోగుల నెన్నుకొను పద్ధతి చీనాయందు సూయి వంశపు కాలమున, అనగా 7వ శతాబ్ది ప్రారంభమున, అంకురించినది. తాంగ్ వంశపు కాలమున (618-907) అది పెరిగి, సోంగ్ వంశపు కాలమున (960-1279) పరిపక్వమై, 1905లో రద్దు చేయబడువఱకు నిలిచినది. తాంగ్ కాలమున పరీక్షలో ఉత్తీర్ణుడైనవానికి ఉద్యోగ మిచ్చుటకు ముందు నాలుగు గుణములను చూచెడివారు. దేహసౌష్ఠవము, వాక్పటిమ, దస్తూరి, న్యాయనిర్ణయశక్తి అనునవి యవి. చీనాపండితుల దృష్టిలో దస్తూరి కేవలము చదువుటకు సాధనము కాదు. అది వ్రాసినవాని శీలమునకు అద్దము.

ఈ గౌరవమే పరీక్షలకు చిక్కు తెచ్చిపెట్టినది. దస్తూరి మనిషిని చూపునదైనచో, పరీక్షకుడు దస్తూరిని బట్టి మనిషిని గుర్తింపవచ్చును గదా. సోంగ్ పరిపాలకులు పక్షపాతమును తొలగింపగోరి 992లో రాజప్రాసాదమున జరుగు పరీక్షయందు అభ్యర్థి పేరుగల భాగమును కప్పి అంటించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దీనిని మనము నామగోపన మందము. పేరు కప్పినను వ్రాత కనబడుచునే యున్నది. శిష్యుని చేతివ్రాతను గురువు గుర్తుపట్టకుండునా? కావున 1015లో మఱియొక యడుగు వేసిరి. అభ్యర్థుల సమాధానములన్నింటిని ప్రభుత్వలేఖకులచేత తిరిగి వ్రాయించి, ఆ ప్రతులనే పరీక్షకులకు పంపుటకు ప్రత్యేకముగ ఒక కార్యాలయమును నెలకొల్పిరి. దీనిని పునర్లేఖన మందము.

తరువాతి మింగ్, చింగ్ వంశముల కాలమున ఈ యేర్పాటు ఇంకను విస్తృతమైనది. అభ్యర్థి నల్లసిరాతో వ్రాయును. లేఖకుడు దానిని ఎఱ్ఱసిరాతో ఎత్తి వ్రాయును. వేఱొక ఉద్యోగి మూలమును ప్రతిని ఒరసి చూచును. పరీక్షకుని చేతికి వచ్చునది ఎఱ్ఱప్రతి మాత్రమే. నల్లప్రతి పెట్టెలో భద్రముగ నుండును. ఫలితములు నిర్ణయమైన పిమ్మట రెంటిని సరిచూచి పేరు బయటపెట్టుదురు. లోపలి పరీక్షకులకును, వెలుపలి లేఖకులకును రాకపోకలు లేకుండ కట్టుదిట్టములు చేసెడివారు.

ఈ పద్ధతియొక్క ప్రథమోద్దేశము పక్షపాతనివారణము. స్పష్టత దీనికి ఆనుషంగికముగ లభించిన ఫలము. అయినను ఆ ఫలము చిన్నది కాదు. అందమైన వ్రాతకు కానుక లేదు. వికారమైన వ్రాతకు శిక్ష లేదు. పల్లెటూరి పేదవాడు వ్రాసినను, నగరమున లిపికళాచార్యునివద్ద నేర్చినవాడు వ్రాసినను పరీక్షకుని కన్నులకు ఒకే విధమైన ఎఱ్ఱవ్రాత కనబడును. చదువబడునట్లు చేయుట సంస్థయొక్క పనియైనది. దానికగు వ్యయమును, శ్రమను సంస్థయే భరించినది.

ఇందును లోపములు లేకపోలేదు. లేఖకుడు తొందరలో ఒక యక్షరమును తప్పుగా ఎత్తినచో అభ్యర్థి నష్టపడవచ్చును. లేఖకునికి లంచమిచ్చి ఎత్తివ్రాతలోనే తప్పును దిద్దించుకొనుటయు సాధ్యమే. ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. చింగ్ కాలమున చివరిదగు రాజప్రాసాదపరీక్షకు పునర్లేఖనము వర్తించెడిది కాదు. అచట అభ్యర్థి స్వహస్తలిఖితమే పాఠకులయిన అధికారుల కన్నులబడును. దాని ఫలితము మిక్కిలి బోధకమైనది. ఆ పరీక్షలో విషయముకంటె వ్రాతకు విలువ పెరిగినది. నల్లగా, చతురస్రముగా, సమపరిమాణముతో, ఒక్క మఱకయైనను లేకుండ వ్రాయు ఆస్థానశైలి ఒకటి ఏర్పడినది. అభ్యర్థులు శాస్త్రములను విడిచి ఆ శైలిని అభ్యసించుటకు ఏండ్లు వెచ్చించిరి. 1829లో ఉత్తీర్ణుడైన గోంగ్ జిజెన్ అను మహాపండితుడు దస్తూరి కారణముననే హాన్‌లిన్ విద్వత్పీఠమునకు ఎన్నిక కాలేదని ప్రతీతి. ఆయన ఆ దస్తూరిమోజును ఎగతాళి చేయుచు ఒక గ్రంథపీఠికను వ్రాసెను. ఒకే దేశమున, ఒకే కాలమున, పునర్లేఖనమున్న పరీక్షలో దస్తూరికి విలువ లేదు. లేని పరీక్షలో దస్తూరియే సర్వస్వమైనది. దస్తూరి ప్రభావము విద్యార్థులయందు కాక పరీక్షానిర్మాణమునందే యున్నదని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కఱలేదు.

2. తెలుగునాట: చదువరి మోసిన భారము

మన దేశమున పాండిత్యపరీక్ష ప్రధానముగ వాచికము. శాస్త్రవాదము సభలో నోటిమీద జరుగును. అవధానమున పృచ్ఛకుడు అడిగిన దానికి అవధాని నోటితోనే బదులు చెప్పును. అచట దస్తూరి ప్రసక్తి లేదు. అట్లని వ్రాతకు స్థానము లేదని కాదు. గ్రంథములు, లెక్కలు, దస్తావేజులు, ఉత్తరములు వ్రాతయందే యుండెను. ఆ వ్రాతను చదువుట ఒక విద్యగా నేర్పబడినది. ఈ సంగతి నేడు మనము మఱచితిమి.

1822లో మదరాసు గవర్నరగు సర్ థామస్ మన్రో దేశీయవిద్యాస్థితిని గూర్చి జిల్లా కలెక్టరులనుండి వివరములు కోరెను. తెలుగు కన్నడములు రెండును వాడుకలోనున్న బళ్ళారి జిల్లానుండి 1823 ఆగస్టులో కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఈతడు అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. ఆ జిల్లాలో 533 పాఠశాలలున్నవని లెక్క చెప్పి, బాలురు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, తరువాత ఆకుమీదను, కడితముమీదను వ్రాయుటయు ఆతడు వర్ణించెను. పెద్దబాలురు చిన్నబాలురకు నేర్పు పద్ధతిని, వ్రాత నేర్పుటలోని పొదుపును మెచ్చుకొనెను. మన విషయమునకు ముఖ్యమైన మాట అటుపిమ్మట వచ్చును. ఉపాధ్యాయుడు నానాస్థలములనుండి సేకరించిన కచేరీ యుత్తరములను, ఇతరములైన ఉత్తరములను బాలురచేత చదివించి, వివిధములైన చేతివ్రాతలను పోల్చుకొనుట నేర్పుననియు, ఇది ఆ చదువులో ఒక భాగమనియు క్యాంబెల్ వ్రాసినాడు.

ఈ యొక్క వాక్యము మన దృష్టిని మార్పదగినది. వీథిబడిలో చక్కగా వ్రాయుట నేర్పుటతోపాటు, చక్కగా లేనిదానిని చదువుటయు నేర్పిరి. ఊరి కరణము కలము ఎత్తక గొలుసుకట్టున వ్రాసిన లెక్క, సాహుకారు వ్రాసిన చీటి, పరుగున వ్రాసిన కచేరీ తాకీదు - ఇవి యన్నియు చదువవలసినవే. చదువలేకపోయినచో నష్టము చదువరిదే. కావున స్పష్టతాభారములో సగపాలు చదువరి మోసెను.

గ్రంథములయందును ఇంతే. తాళపత్రములపై గంటముతో వ్రాసిన ప్రతులలో పదములకు నడుమ ఎడము లేదు. పద్యము పద్యముగ విడదీయక పంక్తి నిండ వ్రాసెడివారు. ఎత్వ ఏత్వములకు, ఒత్వ ఓత్వములకు భేదము చూపని ప్రతులు పెక్కు. లేఖకులు గ్రంథాంతమున తమ నడుము, మెడ వ్రాతచే విఱిగినవని చెప్పుకొని, తప్పులను మన్నింపుడని వేడుకొనుట వాడుక. ఈ వేడుకోలు ఆచారమాత్రము కాదు. తప్పులున్నను చదువరి గ్రహించి దిద్దుకొనునను విశ్వాసము అందు కలదు. ఆ విశ్వాసముననే మన సాహిత్యము నిలిచినది. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవి వ్రాతప్రతినుండి 1909లో వెలువరించుటచే తెలుగువారికి మఱుగుపడిన మహాకవి యొకడు లభించెను. శిథిలమైన ప్రతిముందు ఓపికతో కూర్చుండిన చదువరులు లేనిచో ఇట్టి లాభము కలుగునా? శతాబ్దములకు పూర్వము గతించిన కవి యక్షరమును పోల్చుకొనుటకు మనము నెలలు వెచ్చింతుము. ఎదుటనున్న విద్యార్థి యక్షరమునకు నాలుగు నిమిషములు వెచ్చించుటకు విసిగెదము. ఈ వైషమ్యము భాషాశాఖలలో పనిచేయువారము మేమే ముందుగా గుర్తింపవలసినది.

తెలుగులిపికి కొన్ని సహజమైన చిక్కులు కలవు. పకార వకారములకు తలకట్టు అంటుట, అంటకుండుట మాత్రమే భేదము. మకారమునకు వకారముకంటె కొమ్మువంటి తోక యొకటి యధికము. నకార సకారములు త్వరితలేఖనమున ఒకదానికొకటి దగ్గఱగును. దకారమును ధకారము చేయునది క్రింది చిన్నగీత. ధకారమును థకారము చేయునది నడిమి చుక్క. గుడికిని గుడిదీర్ఘమునకును నడుమనున్నది ఒక్క సుడి. గడియారమును చూచుకొనుచు మూడు గంటలు వ్రాయు చేతిలో ఈ సూక్ష్మభేదములు మొదటి గంటలో నిలుచును, రెండవ గంటలో చెదరును, మూడవ గంటలో కరగిపోవును. కాలము చాలక వ్రాసిన కడపటి సమాధానమే తఱచుగా చదువరాని సమాధానమగుట పరీక్షకులెల్ల రెఱిగినదే.

3. కేంబ్రిడ్జినుండి మదరాసు వఱకు: విద్యార్థిపై పడిన భారము

ఐరోపాలోని ప్రాచీనవిశ్వవిద్యాలయములందును పరీక్ష మొదట వాచికమే. లాటిను భాషలో వాదప్రతివాదములు జరిగెడివి. కేంబ్రిడ్జిలో గణితము ప్రధానమైనకొలది 18వ శతాబ్దిలో క్రమముగ వ్రాత ప్రవేశించి, 19వ శతాబ్దిలో స్థిరపడినది. గణితమున లెక్క నోటితో చెప్పుట కష్టము. కాగితముమీద చేయుట సులభము. వ్రాతతోపాటు గడియారము వచ్చినది. నియతకాలమున ఎక్కువ సమాధానములు వ్రాసినవానికి ఎక్కువ మార్కులు. 1845లో జరిగిన గణితపరీక్షయందు, తరువాతికాలమున లార్డు కెల్విన్ అని విఖ్యాతుడైన విలియం థామ్సన్ రెండవవాడయ్యెను. ప్రథముడైన స్టీఫెన్ పార్కిన్సన్ త్వరితముగ వ్రాయుటను ప్రత్యేకముగ అభ్యసించుటయే దీనికి కారణమని ఆ కాలముననే చెప్పుకొనిరి. ఈ యుదాహరణము స్పష్టతకు సంబంధించినది కాకపోయినను, చేతి వేగము బుద్ధికి ప్రతినిధిగా కూర్చుండిన తీరును తెలుపుచున్నది. వేగమును కోరు పరీక్షయే స్పష్టతనుగూడ కోరుట, రెండు ఎడ్లను రెండు దిక్కులకు తోలుటవంటిది.

ఇంగ్లండున 1855లో సివిల్ సర్వీసు కమీషను ఏర్పడి ఉద్యోగార్థులను పరీక్షింప నారంభించినది. గుమాస్తాపదవులకు దస్తూరి, వర్ణక్రమము అనునవి ప్రత్యేకవిషయములుగ నుండెను. ఇందు అన్యాయము లేదు. ఎత్తివ్రాతయే వృత్తిగా గలవానికి దస్తూరి పరీక్షింపదగిన నైపుణ్యమే. చిక్కంతయు చరిత్రనో, తర్కమునో పరీక్షించుచు, చెప్పకుండ దస్తూరినిగూడ పరీక్షించుటయందున్నది.

1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయమును అనుసరించి స్థాపింపబడినవి. ఆరంభమున ఇవి బోధించునవి కావు, పరీక్షించునవి. మదరాసున 1858లో తొలుత పట్టభద్రులైనవారు ఇద్దరే. ఇద్దరి పత్రములను చదువు పరీక్షకునకు దస్తూరి ఒక సమస్య కాదు. సంఖ్య వందలై, వేలై, నేడు లక్షలైనది. చదువువానికి దొరకు కాలము తఱుగుచు వచ్చినది. చదువుటకు కాలము లేనిచోట సుస్పష్టమైన వ్రాత సుగుణముగా గాక కనీసపు అర్హతగా మాఱినది. ఎవరును శాసింపకయే భారము విద్యార్థిపై పడినది.

1911నుండి 1914 వఱకు మదరాసు రాష్ట్రమున తెలుగువ్యాసరచనాపరీక్షలను గూర్చి గొప్పవివాదము నడచినది. విద్యార్థి గ్రాంథికమున వ్రాయవలెనా, వ్యావహారికమున వ్రాయవలెనా యనుటపై గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుగార్లు ఒకవైపునను, జయంతి రామయ్యపంతులుగారు మొదలగువారు వేఱొకవైపునను నిలిచిరి. 1914లో గురజాడవారు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము సుప్రసిద్ధము. ఏ భాషలో వ్రాసినచో విద్యార్థికి న్యాయము జరుగునను విచారము ఆ వివాదమునకు ప్రాణము. ఏ వ్రాతలో వ్రాసినచో న్యాయము జరుగునను విచారము మాత్రము అంతటి పోరునకు కారణము కాలేదు. 1968లో తెలుగు అకాడమి స్థాపితమై, కళాశాలలలో తెలుగుమాధ్యమము వ్యాపించిన పిమ్మట చరిత్రము, అర్థశాస్త్రము, భౌతికశాస్త్రము మొదలగునవన్నియు తెలుగు చేతివ్రాతలో పరీక్షకులయెదుటికి వచ్చినవి. అప్పుడు ఈ ప్రశ్న భాషాశాఖలను దాటి విద్యారంగమంతటిదియైనది.

ఇచట చీనాపద్ధతితో పోలిక అవసరము. మన విశ్వవిద్యాలయములు పత్రమునుండి పేరును తీసివేసి సంఖ్యను ఉంచినవి. పెక్కుచోట్ల ఆ సంఖ్యనుగూడ మఱియొక రహస్యసంఖ్యతో కప్పుచున్నవి. అనగా 992నాటి నామగోపనమువంటిది మనకు కలదు. 1015నాటి పునర్లేఖనమువంటిది లేదు. ఇటీవల కొన్ని సంస్థలు పత్రముల ప్రతిబింబములను కంప్యూటరు తెరపై దిద్దించుచున్నవి. అందును కనబడునది ఆ దస్తూరియే. పేరు దాగినది, చేయి దాగలేదు.

4. పరిశోధకుల సాక్ష్యము

దస్తూరి మార్కులను మార్చునా యను ప్రశ్నకు అనుభవముతో బదులు చెప్పుట సులభము. ప్రమాణముతో చెప్పుట 20వ శతాబ్దిలో గాని సాధ్యము కాలేదు. దానికి ముందు పరీక్షకుల నిలుకడనే శంకించినవాడు ఎఫ్. వై. ఎడ్జ్‌వర్త్ అను గణకుడు. 1890లో ఆయన ప్రకటించిన యొక వ్యాసమున, ఒకే లాటిను రచనకు 28 మంది పరీక్షకులు 45 మొదలు 100 వఱకు మార్కు లిచ్చినట్లు చూపెను. 1912లో అమెరికాయందు స్టార్చ్, ఎలియట్ అనువారు రెండు ఆంగ్లపత్రములను 142 మంది ఉపాధ్యాయులచేత దిద్దించిరి. ఒకదానికి 64నుండి 98 వఱకు, మఱియొకదానికి 50నుండి 97 వఱకు మార్కులు వచ్చినవి. విషయనిర్ణయమే ఇంతగా ఊగులాడునపుడు, దానికి దస్తూరియను గాలికూడ తోడైనచో ఏమగునో ఊహింపవచ్చును.

దస్తూరిని కొలుచుటకును ఆ కాలముననే యత్నములు జరిగినవి. 1910లో థార్న్‌డైక్ తయారుచేసిన కొలబద్ద, చూచువారు వ్రాతను ఎంత మంచిదని తలంతురో దానిపై ఆధారపడినది. 1912లో లియొనార్డ్ అయిర్స్ వేఱొక మార్గము త్రొక్కెను. వేయికి పైబడిన విద్యార్థుల వ్రాతలను సేకరించి, వానిని చదువుటకు పట్టు కాలమును గడియారముతో కొలిపించెను. త్వరగా చదువబడునదే మంచి దస్తూరి యని ఆతని సిద్ధాంతము. ఈ భేదము చిన్నది కాదు. సౌందర్యము వేఱు, స్పష్టత వేఱు. ముత్యములవంటి యక్షరములని మనము మెచ్చుకొనునది మొదటిది. పరీక్షకు కావలసినది రెండవది మాత్రమే. మన బడులలో చూచివ్రాతను దిద్దు ఉపాధ్యాయులు తఱచుగా మొదటిదానికే మార్కులిత్తురు.

1927లో హెచ్. డబ్ల్యు. జేమ్స్ ఒకే వ్యాసమును మంచి దస్తూరితోను, చెడ్డ దస్తూరితోను వ్రాయించి దిద్దించెను. విషయము ఒకటియేయైనను మంచి దస్తూరి గలదానికి ఎక్కువ మార్కులు వచ్చినవి. 1969లో మార్షల్, పవర్స్ అనువారును ఇట్టి పరీక్షనే చేసిరి. వారు విషయమును మాత్రమే చూడుడని పరీక్షకులకు ముందుగా చెప్పినను దస్తూరి ప్రభావము తొలగలేదు. అనగా ఇది పరీక్షకుని దురుద్దేశమువలన కలుగునది కాదు. చదువుటయందు కలిగిన శ్రమ తెలియకుండగనే రచనపై దోషముగ ఆరోపింపబడుచున్నది. మా స్వానుభవమును ముందు చెప్పితిమి. దానికి శాస్త్రీయమైన వివరణ మిదియే.

సర్ ఫిలిప్ హార్టాగ్ ఢాకా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడు. 1929లో భారతీయవిద్యను గూర్చి నివేదిక నిచ్చిన ఉపసంఘమునకు అధ్యక్షుడు. ఆయన రోడ్స్ అను సహకారితో కలిసి 1935లో పరీక్షలను పరీక్షించు గ్రంథమొకటి ప్రకటించెను. 15 చరిత్రపత్రములను 14 మంది పరీక్షకులచేత దిద్దించి, ఒక సంవత్సరమునకు పైగా గడచిన పిమ్మట ఆ పత్రములనే వారిచేత మఱల దిద్దించిరి. 210 నిర్ణయములలో 92 మాఱిపోయినవి. ఒక మనిషి తనతోనే ఏకీభవింపలేదన్నమాట. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. తరువాత ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయవిద్యాసంఘము, విశ్వవిద్యాలయవిద్యలో ఒక్క సంస్కారమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షాసంస్కారమే కావలెనను నభిప్రాయమును వెలిబుచ్చినది.

ఇంతవఱకు చెప్పినదాని ననుసరించి, అన్ని పత్రములను యంత్రముపై అచ్చుచేయించినచో న్యాయము సిద్ధించునని తోచవచ్చును. 1994లో పవర్స్ మొదలగు నలుగురు పరిశోధకులు చేసిన ప్రయత్నము ఈ యాశను కొంత సడలించినది. చేతితో వ్రాసిన వ్యాసములను యంత్రముపై ఎత్తించి దిద్దింపగా మార్కులు తగ్గినవి. యంత్రముపై వ్రాసినవానిని చేతివ్రాతలోనికి ఎత్తింపగా మార్కులు పెరిగినవి. అచ్చులో వ్యాసము పొట్టిగా కనబడును, తప్పులు బయటపడును. చేతివ్రాతలో వ్రాసినవాని శ్రమ కనబడును, సందేహాస్పదమైన యక్షరమునకు చదువరి మంచియర్థమే చెప్పును. ఇందువలన మేము గ్రహించునది యేమనగా, స్పష్టతయు ఒక పక్షమే. కొందఱిని అచ్చునను, కొందఱిని చేతివ్రాతను చదివి ఒకే త్రాసున తూచుట తగదు. సోంగ్‌వారి పునర్లేఖనమున న్యాయము కలిగినది ఎఱ్ఱవ్రాత అందమైనదగుటచేత కాదు; అందఱిదియు ఎఱ్ఱవ్రాతయే యగుటచేత.

5. ఫలితార్థము

పై పరిశీలనమున మూడు విధములైన యేర్పాటులు కనబడినవి. చీనాలో సంస్థ స్పష్టతాభారమును మోసినది. వీథిబడిలో చదువరి పాలుపంచుకొనెను. నూతనవిశ్వవిద్యాలయములలో అది యంతయు విద్యార్థిపై పడినది. నాలుగవ మార్గము వ్రాతనే తీసివేయుట. ఎంసెట్ వంటి ప్రవేశపరీక్షలు ఈ మార్గమున నడచినవి. అందు దస్తూరిదోషము లేదు, రచనాభ్యాసమును లేదు. పంటకు తెగులు వచ్చినదని పొలమును బీడు పెట్టుట మాకు సమ్మతము కాదు.

లక్షలకొలది పత్రములను తిరిగి వ్రాయించుట నేడు సాధ్యము కాదని మే మెఱుగుదుము. అయినను సంస్థ బొత్తిగా తప్పించుకొనవలసిన పని లేదు. దృష్టిలోపము గలవారికి లేఖకుని సహాయ మిచ్చుట అంగీకృతమైన ధర్మము. చేతివ్రాత ఒక్కటియే జ్ఞానమునకు ద్వారము కాదని సంస్థలు అచట ఒప్పుకొనినవి. ఆ యొప్పుకోలును కొంచెము విస్తరింపవచ్చును. చదువుటకు కష్టముగ నున్న పత్రమును ఆ పరీక్షకుడే నిర్ణయింపక, వేఱుగా నుంచి, రెండవ చదువరిచేత పైకి చదివించి వినవచ్చును. అట్టి పత్రములు కట్టలో నూటికి కొలదిగనే యుండును. వానికి కావలసిన కాలము నిచ్చుట వ్యయము కాదు, ఋణవిమోచనము. ప్రశ్నల సంఖ్యను తగ్గించి కాలమును పెంచినచో మూడవ గంట వ్రాతయు మొదటి గంట వ్రాతవలె నుండును. బడులలో చూచివ్రాతకు మార్కులిచ్చునపుడు అందమును గాక, పకార వకారములు, దకార ధకారములు విడివిడిగా తెలియుచున్నవా యని చూడవలెను. విద్యార్థికిని బాధ్యత కలదు. తాను వ్రాయునది పరులకొఱకనుట ఆతడు మఱువరాదు.

కడపటిది మా వంటివారికి సంబంధించినది. తెలుగుశాఖలలో తాళపత్రములను చదువుట నేర్పుదుము. శాసనలిపులను పోల్చుకొనుట నేర్పుదుము. ఎదుట నున్న విద్యార్థి వ్రాతను చదువుట ఎచటను నేర్పము. వీథిబడి పంతులు పాతయుత్తరముల కట్టను విప్పి బాలురకు నేర్పిన ఆ విద్యను పరీక్షకులగువారికి ఒక పూటయైనను నేర్పినచో మంచిది. ఆనాడు మా మిత్రుడు తడబడక చదివిన పత్రము మా చేతిలో మూగయైనది, ఆయన గొంతులో పలికినది. పత్రము ఒక్కటియే, మాఱినది చదువరి. ఆ విద్యార్థి యెవడో మాకు తెలియదు, తెలియరాదు. పేరు కప్పబడియే యున్నది. ఆతడు తన వ్రాతను దిద్దుకొనెనో లేదో గాని, ఆ దినమునుండి మేము మా చదువును దిద్దుకొనుటకు యత్నించుచున్నారము.